సుధ చెప్పిన ఆకలి

సుధ తల్లిగారిది ఎల్లారెడ్డిపేట. వాన పడితె సేను, పడకుంటె కూలి. చిన్నప్పటిసంది గామెకు ఒక గుణముండేది. వేరేటోళ్లు చెప్పాల్సిన మాట వాళ్లు గొంతులనే మింగి కూసుంటె, గది సుధ నోట్లకెళ్లి బయటికొచ్చేది. ఒకసారి బడిల పక్కన కూసునే పిల్ల జరంతోని వణుకుతుంది. సారుకు చెప్పాల్నంటె భయం. సుధ లేసి నిలవడి, తనకే జరమొచ్చిందని, గీ పిల్లను తోడు పంపుమని అడిగింది. పిల్లను వాళ్లింట్ల దిగవెట్టి, తను పొద్దుగూకేదాక చింతకాయలు కొట్టుకుంట తిరిగింది. ఆనాడు తల్లి చేతుల దెబ్బలు తిన్నది గని గుణం మాత్రం పోలేదు.

కోరుట్లకు ఇచ్చి పెండ్లి చేసిన్రు. మొగడు సంతోష్, బిడ్డ పుట్టిన ఏడే దుబాయి పోయిండు. పోయింది దుబాయి పక్క దేశానికే గని, కోరుట్లల ఏ దేశం పోయినా దుబాయనే అంటరు. పెద్ద పెద్ద బిల్డింగులు కట్టే కంపెనీల పని. ఆయన పంపిన దానితోని రేకుల ఇల్లు పోయి స్లాబు ఇల్లొచ్చింది. కింద టైల్స్, ముంగట స్టీలు గేటు. అత్త సాయవ్వ అప్పటిదాక బీడీలు చేసేది. గేటు బిగిచ్చిన దినమే బీడీల చాటను సజ్జ మీదికి ఎక్కిచ్చింది. మామ భూమయ్య మాత్రం ఎప్పటిలెక్కనే తెల్లారంగనే పసుపు సేనుకు పోతడు. మాట తక్కువ మనిషి.

గోడకు ఆవలి ఇల్లు వెంకటవ్వది. రెండు వంటిండ్లకు నడుమ ఒక్కటే గోడ. ఇవతల పోపు వేస్తె అవతల తుమ్మొస్తది. వెంకటవ్వ బీడీలు చేస్తది. ఆమె పెనిమిటి సిరిసిల్లల సాంచాల మీద బట్ట నేస్తడు. ఇద్దరు ఆడివిల్లలు. ఈ నడుమ బీడీల ఆకు నెలల సగం దినాలు సుత ఇస్తలేరు. సిరిసిల్లల ఆర్డర్లు లేక సాంచాలు బందువడ్డయి. బందువడ్డకాడికెళ్లి పెనిమిటి రాకడ తగ్గింది. ఉత్త చేతులతోని ఏం మొఖం పెట్టుకొని వస్తడని వెంకటవ్వనే ఆయన తరపున చెప్పుకునేది.

మొదట్ల సుధ గోడ మీదికెళ్లి గిన్నెలు అందిచ్చేది. పప్పు, పచ్చిపులుసు, మక్కగట్క, ఇంట్ల ఏదుంటె గది. ఒకనాడు నల్లా కాడ బిందెల వంతు మీద లొల్లయింది. సాయవ్వకు కోపమొచ్చి, మా ఇంటి గిన్నెలు నాకి బతికెటోళ్లు సుత మాకు ఎదురు మాట్లాడవట్టిరి అన్నది. వాడకట్టంత విన్నది. వెంకటవ్వ సగం నిండిన బిందెనే సంకకెత్తుకొని పోయింది. మల్ల గోడ మీదికెళ్లి ఒక్క గిన్నె ముట్టలేదు. సుధ ఎప్పుడియ్యవోయినా "ఇప్పుడే తిన్నం చెల్లె" అంటది.

గప్పటిసంది వెంకటవ్వకు భక్తి పెరిగింది. సోమారం శివునికి, శనారం ఎంకటేశ్వర్లకు ఒక్కపొద్దు. గవి అందరుండేటియే. కొన్నొద్దులకు బేస్తారం సాయిబాబాకు ఒకటి కలిసింది. ఆ తర్వాత శుక్రారం లచ్చుమమ్మకు. వెంకటవ్వ మంచి నిష్ఠ పట్టిందని సాయవ్వ సుత మెచ్చుకున్నది. సుధ కూడ గట్లనే అనుకున్నది. ఒక మంగళారం నాడు సుధ బిడ్డ ఆడుకొని ఇంటికొచ్చి, తను కూడ ఒక్కపొద్దు ఉండాల్నా అని అడిగింది. అవతలి ఇంట్ల చిన్నపిల్లను ఇయ్యాల వాళ్లమ్మ ఒక్కపొద్దు ఉండుమన్నదట.

గా పిల్ల రెండో తరగతి. సుధ చేతుల గంటె అట్లనే ఆగింది. గంత చిన్న పిల్లను ఏ దేవుడు ఒక్కపొద్దు ఉండుమంటడు? గా వారమంత ఆమె చెవి గోడకే ఉన్నది. అవతల పోపు చిటపటలు లేవు, కుక్కరు కూతలు లేవు. గంటె గిన్నెకు తాకిన చప్పుడు సుత లేదు. ఇన్నొద్దులు తను గోడకు ఇవతల పోపులు వేసుకుంటనే ఉన్నది.

గా దినాలల్లనే మనీషా వచ్చింది. జగిత్యాల పిల్ల, డిగ్రీ చదివి ఒక సంస్థల పని చేస్తుంది. వాడకట్టుకు కొన్ని ఇండ్లు ఏరుకొని, తిండి గురించి ఎనిమిది ప్రశ్నలడిగి ట్యాబుల నొక్కుతది. జవాబులన్ని కలిపి కోరుట్ల పటం గీస్తరు. తిండికి కష్టమెక్కువున్న వాడకట్టుకు ఎర్ర రంగు, లేనిదానికి పచ్చ. సుధ ఇంటి ముంగట నీళ్లు తాగుకుంట ఆ పిల్ల ఇంకో మాట కూడ జారింది. ఎర్ర రంగు పడితె గా వాడకట్టుల అడిగిన ఇల్లు, అడగని ఇల్లు అని చూడకుంట అందరికి నెలనెలా బియ్యం పప్పు ఇస్తరట. జవాబులు మారుతయని ఎవలకు చెప్పద్దంటరు అక్క, అని నాలిక కరుచుకున్నది.

వాడకట్టు ఆడోళ్లు పగటీలి వెంకటవ్వ అరుగు మీద కూసొని బీడీలు చేస్తరు. మనీషా ఆడనే కూసొని అడుగవట్టింది. తిండికి ఎట్లా అని రంది పడ్డరా, తినాల్సినదాని కంటె తక్కువ తిన్నరా, లేక పూట మానేసిన్రా. మొదలామె నవ్వి, మాకేమైంది, రాజులెక్క తింటున్నం అన్నది. మొదలామె గట్లన్నంక రెండో ఆమె ఇంకో తీరుగ ఎట్ల అంటది? అందరిది ఒకటే జవాబు. వెంకటవ్వ వంతొచ్చింది. ఆమె తలకాయ ఎత్తలేదు, ఆకు మడుసుకుంటనే అన్నిటికి లేదనే చెప్పింది. పూట మానుడు కాడ మాత్రం ఒక్క మాట కలిపింది.

"మానుతం బిడ్డా. దేవుని కోసం మానుతం. లేక కాదు."

సుధ గేటు కాడ నిలవడి ఇదంత ఇన్నది. పచ్చ రంగు పడవోతుందని ఆమెకు అర్థమైంది. అత్తమామలు జగిత్యాలల కండ్ల దవాఖానకు పోయి ఉన్నరు. మనీషాను ఇంట్లకు పిలిచి, తలుపు దగ్గరికేసి, నన్ను కూడ అడుగుమన్నది. మొదటి ప్రశ్నకు అవునన్నది. రెండోదానికి అవునన్నది. ఒక్కొక్కదానికి అవునంటుంటె మనీషా వేలు ట్యాబు మీద మెల్లగయింది. ఆఖరుది అడిగేటప్పుడు ఆ పిల్ల చుట్టుముట్టు చూసింది. కింద టైల్స్, మూలకు ఫ్రిజ్.

"తినడానికి లేక ఇంట్ల ఎవలన్న దినమంత ఉపాసమున్నరా అక్కా?"

"ఉన్నరు."

"మీ ఇంట్లనా?"

"మా ఇంట్లనే. రాసుకో."

తన ఒక్క అవునుతోని లెక్కల కొంచెం బరువు పెరుగుతది, వెంకటవ్వ ఇంటికి బియ్యమొస్తయి, గవి సాయవ్వ ఇంటి బియ్యం కావు గన్క ఆమె తీసుకుంటది. సుధ అనుకున్నది గింతే. ఎనిమిదింటికీ అవునన్న ఇల్లు ఏడన్న ఉంటె రంగు తేలేదాక ఆగకుంట ఆ ఇంటికే ముందుగాల సాయం తీసుకపోతరన్న సంగతి మనీషా చెప్పలేదు, సుధకు తెల్వది.

కొన్నొద్దులకు ఒక ఐతారం పొద్దుగాల వాడకట్టులకు ట్రాలీ ఆటో వచ్చింది. అందులకెళ్లి సంస్థ పెద్దసారు ప్రభుదాస్ దిగిండు. దుబాయి ఇంట్ల గంత ఆకలున్నదంటె నమ్మక తనే చూడనీకి వచ్చిండు. మంచి మనిషే గని గొంతు పెద్దది. గేటు కాడున్న సాయవ్వను, సుధమ్మ ఇల్లు ఇదేనా, దినాలకు దినాలు తిండి లేకుంట ఉంటున్నరట గదా అని అడిగిండు. సాయవ్వకు ఇన్నది మనసుకు ఎక్కేటాల్లకు బియ్యం బస్తా గేటు ముంగట దిగింది. ఎంబడొచ్చిన పిలగాడు ఫోటో తీసిండు. స్టీలు గేటు, పక్కపొంటి బస్తా, నడుమ నోరు తెరిసిన సాయవ్వ.

వాడకట్టంత గేటు కాడ జమయింది. సాయవ్వ మొఖంల నెత్తురు చుక్క లేదు. కోడలు దిక్కు తిరిగి మెల్లగ, ఎందుకు చెప్పినవ్ అని అడిగింది. వెంకటవ్వ పేరు ఇప్పుడు చెప్తె నల్లా కాడి కథ మల్ల మొదటికొస్తది. వెంకటవ్వ కూడ తన గడప మీద నిలవడే ఉన్నది. ఇద్దరి చూపులు కలిసినయి. సుధనే తలకాయ వంచుకున్నది. గుంపుల గుసగుసలు మొదలైనయి. సంతోష్ పంపినయి అన్ని ఏడికి పోతున్నయి, ఎల్లారెడ్డిపేట తల్లిగారింటికి చేరుతున్నయేమో అని ఎవలో అంటె సుధ చెవులల్ల సీసం పోసినట్టయింది. పగటి బువ్వ టైముకే ఆ ఫోటో, పెద్దసారన్న మాటతోని సహా, వాట్సాప్ గ్రూపులు దాటి, దేశం దాటి సంతోష్ కు చేరింది.

దీపం పెట్టే యాళ్లకు ఫోనొచ్చింది. సాయవ్వ స్పీకర్ పెట్టుమన్నది. ఎంత ఒర్రుతడో అనుకున్నది సుధ. సంతోష్ ఒర్రలేదు.

"సుధా, ఎవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పుడేంది, నేనే చెప్పిన."

"నీకెవలు చెప్పిన్రంటున్న. జీవన్ చెప్పిండా?"

జీవన్ ది ఎల్లంతకుంట. వేరే కంపెనీల పని గని సంతోష్ రూములనే ఉంటడు. పోయిన నెల సెలవు మీద వచ్చినప్పుడు ఖర్జూరాల పొట్లం ఇచ్చి, బువ్వ తినుమంటె ఒద్దని, కండ్లల్ల కండ్లు పెట్టి చూడకుంట బండెక్కి పోయిండు. జీవన్ చెప్పుడేంది, ఏమని చెప్తడు అని సుధ అడిగింది.

"నేను తింటలేనని."

సుధకు ముందుగాల గా మాట అర్థమే కాలేదు. అర్థమైనంక గోడను పట్టుకున్నది. ఇగ దాచి లాభం లేదనుకున్నడో ఏమో, సంతోష్ ఒక్కొక్కటే చెప్పుకుంట పోయిండు. ఎండలు మొదలైనప్పుడే కంపెనీ మూతపడ్డది. క్యాంపుల వంటిల్లు బందుచేసిన్రు. పాస్పోర్టు కంపెనీల ఇరికింది. పొద్దుగాల్నే కార్లు కడిగితె వచ్చింది ముందుగాల ఇంటికి పంపుతడు, మిగిలితె తింటడు. మసీదు కాడ పంచిన నాడు కడుపు నిండుతది, లేని నాడు ఎండిన రొట్టె, నీళ్లు. పంపుడు తగ్గితె ఇంట్ల తెలుస్తదని తిండి తగ్గిచ్చిండు. వీడియోల పెయ్యి కనపడకుంట మొఖం దగ్గరికే ఫోన్ పెట్టుకొని మాట్లాడిండు. జీవన్ తోని ఒట్టు వేయిచ్చుకున్నడు.

"దినాలకు దినాలు తిండి లేదని వాళ్లకు నా సంగతే చెప్పినవ్ గదా. మంచిగనే చెప్పినవ్. నాతోటి చెప్పుడు కాలే."

సుధ చెప్పింది అబద్ధం. గోడకు ఆవలి ఆకలిని తెచ్చి తన ఇంట్లది అని చెప్పింది. గా అబద్ధం చెప్పేనాటికే నిజమై ఉన్నది, తనకే తెల్వది. గా పగటీలి వాళ్లింట్ల కోడికూర వండుకున్నరు. సాయవ్వకు గది యాదికొచ్చింది కావచ్చు, చీరకొంగు నోట్ల కుక్కుకొని టైల్స్ మీద కూలవడ్డది.

భూమయ్య లేసి ఫోన్ చేతులకు తీసుకున్నడు.

"అచ్చెయ్ కొడుకా. అచ్చి బువ్వ తిను. మిగతాది తర్వాత సూద్దాం."

ఫోన్ పెట్టేసినంక సుధ అత్తమామలకు ఉన్నదంత చెప్పింది, ఒక్కపొద్దుల సంగతితోని సహా. సాయవ్వ అంత ఇన్నది. తెల్లారి అరుగు మీద ఆడోళ్లు చాటలు ముంగటేసుకొని కూసున్న యాళ్లకు గేటు తెరుసుకొని పోయింది. ఎన్నో ఏండ్లసంది ఆ అరుగెక్కలేదు. సుధ ఎంబడే ఉరికింది, మల్ల ఏం లొల్లయితదో అని. సాయవ్వ పోయి వెంకటవ్వ పక్కపొంటి కూసున్నది.

"ఎంకటవ్వా, నా కొడుకు ఆడ బువ్వ లేకుంట ఉన్నడటనే."

కత్తెరలన్ని ఆగినయి. వెంకటవ్వ చాట పక్కకు పెట్టింది. సాయవ్వ చెయ్యి తన చేతులకు తీసుకున్నది. ఆ తర్వాత ఎవలు అడగకుంటనే, పిల్లను ఒక్కపొద్దు పేరు మీద పండవెట్టిన దినాలు ఎట్లుండెనో చెప్పింది. ఆమె చెప్పుడైనంక పక్కకున్నామె, నిన్నటిదాక రాజులెక్క తింటున్నమన్నామెనే, రాత్రి గంజి తాగి పండుతున్నమన్నది. ఇంకొకామె ఏడ్చింది. సుధ అరుగు కింద నిలవడి ఒక్కొక్కల మొఖం చూసుకుంట బిత్తరపోయింది. ఒక్క గోడకు చెవి పెట్టి తనకంత తెలుసనుకున్నది. వాడకట్టుల గోడలన్ని గట్లనే ఉన్నయి.

ఆనాడే బస్సెక్కి జగిత్యాల పోయింది. మనీషా ముంగట కూసొని, తను చెప్పింది అబద్ధమని, గని అబద్ధం కాదని, మొగని సంగతి చెప్పింది. మనీషా ఇన్నకొద్ది తెల్లవడ్డది. ఆరునెలల కంటె ఎక్కువ బయటున్నోళ్లను ఇంటి మనిషి లెక్కల పట్టద్దని వాళ్ల కాడ రూలున్నది. గీ జవాబు కొట్టెయ్యాల్సిందే అన్నది.

"మరి ఆయన ఏ లెక్కల ఉన్నడు చెల్లె? ఆడ కంపెనీ లెక్కల లేడాయె, ఈడ ఇంటి లెక్కల లేడాయె."

సుధ ఇంకొకటడిగింది. నాది కొట్టేస్తె కొట్టెయ్, గని మా వాడకట్టును మల్లొక్కసారి అడుగు, అరుగు మీద కాదు, ఒక్కొక్క ఇంట్లకు పోయి తలుపేసి అడుగు అన్నది. మనీషా పెద్దసారును ఒప్పిచ్చి మల్లచ్చింది. ఈసారి ప్రశ్నలు అవే, జవాబులు వేరే. పటం మీద ఆ వాడకట్టు కోరుట్లల అన్నిటికంటె ఎక్కువ ఎర్రగ తేలింది. ప్రభుదాస్ గది చూసి, మొదలు గీసిన పటాలన్నిట్ల పచ్చ రంగు వేసిన వాడకట్టులు ఎన్నున్నయో యాదికి తెచ్చుకొని, అన్ని మల్ల అడగాల్నని కుర్సీల వెనుకకు ఒరిగిండట. సాయవ్వ ఫోటో తీసెయ్యిమని సుధ గట్టిగనే చెప్పింది. తీసేసిండు. బియ్యం ఇప్పుడు ఇంటింటికి ఆటోల రావు, ఎవలకు వీలైనప్పుడు వాళ్లు పోయి తెచ్చుకుంటరు. ఆ బియ్యంతోని సాంచాలు నడవయి, బీడీల ఆకు పెరగది. గని వెంకటవ్వ ఇంట్ల సోమారం, శనారమే మిగిలినయి, అవి కూడ పెద్దోళ్లకే.

సంతోష్ కు కాయిదాలు కావడానికి వానకాలం మొత్తం పట్టింది. వచ్చిన నాడు సుధ, భూమయ్య జగిత్యాల బస్టాండుకు పోయిన్రు. పట్నం బస్సు ఆగింది. దిగెటోళ్లను ఒక్కొక్కలనే చూసుకుంట సుధ నిలవడ్డది. సంచి పట్టుకొని ఒక బక్కపలచటి మనిషి ఆమె ముంగటికెళ్లే దాటవోయిండు. ఆమె ఆయనను తప్పిచ్చి వెనుక వచ్చెటోళ్లను చూసింది. "సుధా" అని పిలుపు ఇనవడ్డంకనే తిరిగింది. అంగి భుజాల మీద వేలాడుతుంది, దవడలు లోపటికి పోయినయి. తన మొగన్ని తనే పోల్చలేదు. భూమయ్య కొడుకు చేతుల సంచి అందుకున్నడు.

ఇంట్ల సాయవ్వ తీరుతీర్ల వండిపెట్టింది. నాలుగు బుక్కలు తిని సంతోష్ చెయ్యి ఆపిండు. పడతలేదవ్వా అన్నడు. పెట్టుడు మొదలుపెడితె ఆగని సాయవ్వ గా దినం గంటె గిన్నెల పెట్టి, సరే బిడ్డా అని పక్కకు జరిగింది.

నాలుగొద్దులకు పక్క సదురుకుంట సుధ మెత్త లేపింది. మెత్త కింద పేపరుల చుట్టిన సగం రొట్టె ఉన్నది. రాత్రి తను చేసిన రొట్టెనే. ఎండి బిరుసెక్కింది. ఆమె దాన్ని చేతుల పట్టుకొని మంచం మీద కూసున్నది. సంతోష్ సేనుకెళ్లి వచ్చినంక అడిగింది. ఆయన సిగ్గుపడ్డడు. రాత్రి మెలకువొస్తది, తెల్లారితె ఉంటదో ఉండదో అనిపిస్తది, చెయ్యి దానంతటదే దాస్తది అన్నడు. తలుపవతలున్న సాయవ్వ ఇన్నది. ఆ మాపటీలి బియ్యప్పిండితోని నిలువుండే గారెప్పలు చేసి, మూత డబ్బల పోసి, కొడుకు మంచం పక్కన పెట్టింది. రోజూ గా డబ్బ నింపుడు ఆమె పనయింది.

సంతోష్ ఇప్పుడు తండ్రి ఎంబడి పసుపు సేనుకు పోతున్నడు. పొద్దున పక్క సదిరేటప్పుడు సుధ ఇప్పటికీ ముందుగాల మెత్త కిందనే చూస్తది. కొన్ని దినాలు ఏం ఉండది. కొన్ని దినాలు ఉంటది.